పగడపు ప్రాణి: ఇంటి తొట్టిలో దాని పోషణ

(యువజనుల కోరికపై భవాని పేట్‌లోని మన పఠన మందిరమున చేసిన ప్రసంగ పాఠము)



మన పేటలో ఈ మధ్య గాజు తొట్టెలలో రంగు చేపలను పెంచు అలవాటు యువకులలో హెచ్చినది. అది మంచి అలవాటే. దినమంతయు మగ్గముల మోతలో గడపినవాడు ఇంటికి వచ్చి, నీటిలో కదలాడు ప్రాణిని చూచుచు ఒక గడియ కూర్చుండుట ఎన్నో దురలవాట్ల కంటె మేలు. అయితే కొందరు మంచినీటి చేపలతో తృప్తి చెందక, ఉప్పునీటి తొట్టి పెట్టి అందులో సజీవమైన పగడములను పెంచవలెనని తలంచుచున్నారు. వారే మమ్ములను ఈ విషయముపై మాటలాడుమని కోరిరి. మేము శాస్త్రజ్ఞులము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి, నూలు, రంగుల వ్యాపారములో పడినవారము. అయినను నీటి గుణమును, రంగు తొట్టిని, ఉప్పును, సున్నమును నిత్యము ఎరిగిన పేట మనది. ఆ యెరుకతోనే ఈ విషయమును గ్రహింపవచ్చునని మాకు తోచినది.

ఇది వట్టి వినోదపు మాట కాదు. ఇందులో మూడు సంగతులు ముడివడియున్నవి. ఒకటి, ప్రాణి యొక్క బ్రతుకు. రెండవది, మన ఇంటి ధనము. మూడవది, దేశపు చట్టము. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మరచినను తొట్టి పెట్టిన ముచ్చట తీరకముందే దుఃఖము వచ్చును.

పగడము మనకు కొత్త పేరు కాదు. మన ఆడపడుచుల మెడలో నల్లపూసల నడుమ పగడములుండును. నవరత్నములలో అది ఒకటి. అంగారకునికి ప్రియమైనదని జ్యోతిష్కులు చెప్పుదురు. దానిని మనము రాయి యని తలంచుచున్నాము. అది రాయి కాదు, ఒక ప్రాణి కట్టుకొనిన ఎముక వంటి గూడు. పూర్వము ఐరోపా పండితులు దానిని సముద్రములో మొలచు మొక్క యనుకొనిరి. 18వ శతాబ్దమున పేసొనెల్ అను ఫ్రెంచి వైద్యుడు అది మొక్క కాదు, జంతువని చెప్పగా తోటి పండితులు మొదట నమ్మలేదు. తుదకు ఆయన మాటయే నిలిచినది.

పాలిప్ అను మెత్తని చిన్న ప్రాణి యొకటి కలదు. దాని నోటి చుట్టును చేతుల వంటి తీగలుండును. అది సముద్రపు నీటిలో కరగియున్న సున్నపు ధాతువును గ్రహించి తన క్రింద గట్టి గూడు కట్టుకొనును. ఇట్టివి వేలు, లక్షలు ఒకదానినొకటి అంటి కాపురముండగా, తరతరముల గూళ్లు పేరుకొని పగడపు దిబ్బ యగును. నగలలోని ఎర్రపగడము ముఖ్యముగా మధ్యధరా సముద్రపు మసకవెలుతురులో పెరుగునది. తొట్టెలలో పెంచు పగడములు వేరు. అవి వెలుతురు పుష్కలముగా గల ఉష్ణసముద్రముల ప్రాణులు.

ఈ రెండవ జాతి పగడములలో ఒక విశేషము కలదు. వాటి దేహములో కంటికి కానరాని నాచు కణములు కాపురముండును. ఆ నాచు వెలుతురును గ్రహించి ఆహారము తయారుచేసి, అందులో అధికభాగమును పగడమునకే ఇచ్చును. కొన్ని జాతులలో పగడమునకు కావలసిన శక్తిలో నూటికి 90 పాళ్ల వరకు ఈ విధముగనే లభించును. పగడము దానికి ప్రతిగా ఇల్లును, తన విసర్జనము నుండి ఎరువును ఇచ్చును. పగడముల రంగులలో చాలవరకు ఈ నాచు వలన కలిగినవే.

నీటి వేడిమి మితిమీరినపుడు ఈ కాపురము చెదరును. పగడము తనలోని నాచును వెలివేయును. అపుడు రంగు పోయి లోపలి తెల్లని గూడు బయటికి కనబడును. తెల్లబడినంతనే అది చచ్చినట్లు కాదు, పస్తున్నదని అర్థము. త్వరలో చల్లబడినచో నాచు మరల చేరును. ఆలస్యమైనచో ప్రాణము పోవును. సముద్రములో వేసవి యందలి గరిష్ఠపు వేడిమి కంటె కేవలము 1 డిగ్రీ హెచ్చి కొన్ని వారములు నిలిచినను ఈ ఉపద్రవము కలుగుచున్నది. 1998లో ప్రపంచమంతటను ఇట్లు జరిగినది. తరువాత 2010లోను, 2014 నుండి 2017 వరకును జరిగినది. నాల్గవ పర్యాయము జరుగుచున్నదని 2024 ఏప్రిలులో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మహాసముద్రమే 1 డిగ్రీకి తాళలేకపోవుచుండగా, మన ముంగిట నుండు మూడడుగుల తొట్టి యెంత?

కావున మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఒక్కటే. పగడమునకు కావలసినది వైభవము కాదు, నిలకడ. ఖరీదైన దీపములు, విదేశపు యంత్రములు కొన్నంత మాత్రమున అది బ్రతుకదు. నేడున్న నీరు రేపును అట్లే యుండవలెను. పడుగు బిగువు ఒకచోట హెచ్చి ఒకచోట తగ్గినచో బట్ట యేమగునో మీకు చెప్పనక్కరలేదు.

పగడపు తొట్టిలో నీరు ఎట్లుండవలెనో అంకెలు చెప్పెదము. వ్రాసికొనుడు. వేడిమి 24 నుండి 27 సెంటిగ్రేడు డిగ్రీలు. ఉప్పదనము వేయింటికి 35 పాళ్లు, అనగా హైడ్రోమీటరుపై సుమారు 1.026. పి.హెచ్. 8.0 నుండి 8.4. క్షారశక్తి, డి.కె.హెచ్. అను కొలతలో, 7 నుండి 11. కాల్షియము లీటరుకు 400 నుండి 450 మిల్లీగ్రాములు. మెగ్నీషియము 1250 నుండి 1350 మిల్లీగ్రాములు. అమోనియా, నైట్రైటు బొత్తిగా ఉండరాదు. నైట్రేటు లీటరుకు 10 మిల్లీగ్రాములలోపును, ఫాస్ఫేటు 0.1 మిల్లీగ్రాము లోపును ఉండవలెను. అయితే ఈ రెండును పూర్తిగా సున్న కారాదు. సున్న అయినచో నాచు కణములకు ఎరువు లేక పగడము పాలిపోవును.

క్షారశక్తి 8 మంచిదా, 10 మంచిదా అని వాదులాడుట వ్యర్థము. 8 అయినచో 8గనే నిలుపుడు. ఈ వారము 7, వచ్చువారము 11, ఆపై వారము 8 అయినచో, ప్రతి అంకెయు హద్దులోనే యున్నను పగడము ఓర్వలేదు. పరీక్ష సామాను తెచ్చి, వారమునకు ఒకటి రెండు మారులు పరీక్షించి, తేదీ వేసి పుస్తకములో వ్రాయుటయే ఈ విద్యలో సగము. దుకాణపు చిట్టా వ్రాయువానికి ఇది క్రొత్త పని కాదు.

ఇక నీటి సంగతి. మన రంగుల ఇండ్లవారికి కఠినజలమన నేమో తెలియును. అందు సబ్బు నురుగు రాదు, రంగు సమముగా పట్టదు. అట్టి నీటిలో ఏయే లవణములు ఎంతెంత యున్నవో తెలియక, దానిపై మరల సముద్రపు ఉప్పు కలిపినచో లెక్క తప్పును. నల్లానీటిలోని క్లోరిను పగడమునకు విషము. కావున ఆర్.ఓ. యంత్రములో వడకట్టి, మిగిలిన లవణములను కూడ తీసివేయు డి.ఐ. గొట్టము గుండ పంపిన నీటినే వాడవలెను. ఆర్.ఓ. యంత్రము ఒక లీటరు మంచినీరు ఇచ్చుటకు రెండు మూడు లీటర్లు విడిచివేయును. నీటి విలువ ఎరిగిన షోలాపురములో దానిని మోరీలో పోయుట పాపము. ఆ నీటితో ఇల్లు కడుగవచ్చును, బట్టలు ఉతుకవచ్చును. ఈ ఏర్పాటు చేసికొనలేనివారు పగడముల జోలికి పోకుండుట మంచిది.

వంటింటి ఉప్పు ఇందుకు పనికిరాదు. సముద్రపు నీటిలో సోడియము, క్లోరిను అధికముగా ఉన్నను, మెగ్నీషియము, కాల్షియము, పొటాషియము మున్నగునవి తగు పాళ్లలో కలిసియున్నవి. ఆ పాళ్లతో తయారైన సముద్రలవణ మిశ్రమము బజారులో దొరకును. 3 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల ఎత్తు గల తొట్టిలో, రాళ్లు పోను, సుమారు 150 లీటర్ల నీరు పట్టును. దానికి అయిదున్నర కిలోల లవణము కావలెను. వారమునకు పదవ వంతు, అనగా 15 లీటర్లు, మార్చినచో ప్రతివారము అరకిలోకు పైగా లవణము ఖర్చగును. తొట్టి ధర అడుగువారు చాలమంది. ఈ వారవారపు ఖర్చు అడుగువారు అరుదు. కొనుటకు ముందు ఒక సంవత్సరపు లవణము, విద్యుచ్ఛక్తి, పరీక్ష సామాను లెక్కవేసి చూచుకొనుడు. పిల్లల ఫీజుకు, ఇంటి మందులకు తగ్గించి పగడములను పోషించుట యజమాని ధర్మము కాదు.

నీరు సిద్ధమైనంతనే ప్రాణులను వేయరాదు. ప్రాణుల విసర్జనము నుండి అమోనియా పుట్టును. దానిని ఒక విధమైన సూక్ష్మజీవులు నైట్రైటుగను, మరియొక విధమైనవి నైట్రేటుగను మార్చును. ఈ సూక్ష్మజీవులు రాళ్లలో స్థిరపడుటకు సామాన్యముగా 4 నుండి 8 వారములు పట్టును. అంతవరకు తొట్టి ఖాళీగా కనబడినను ఖాళీ కాదు. పునాది పడుచున్నది. ఓర్పు లేనివాడు ఇక్కడనే చెడును.

ఇప్పుడు మన ఊరి అసలైన శత్రువును గూర్చి చెప్పెదము. అది ఎండ. ఏప్రిలు, మే నెలలలో షోలాపురమున 40 డిగ్రీలు దాటుట పరిపాటి. రేకుల కప్పు క్రింద గది ఇంకను వేడెక్కును. నీటిని చల్లార్చు చిల్లరు యంత్రము ఖరీదు. అయితే మన పొడిగాలిలో ఒక మేలు కలదు. మట్టికూజలో నీరు ఎట్లు చల్లబడునో, తొట్టి నీటి ఉపరితలముపై చిన్న పంకా త్రిప్పినచో అట్లే చల్లబడును. ఒక లీటరు నీరు ఆవిరియగుటకు పట్టు వేడి, 150 లీటర్ల నీటిని సుమారు 4 డిగ్రీలు చల్లార్చునంత యుండును. గదిలో నీళ్ల కూలరు నడిపినచో తేమ హెచ్చి ఈ పంకా పని తగ్గునని గుర్తుంచుకొనుడు. ఇన్ని చేసినను మే నెల మధ్యాహ్నమున నీరు 29 డిగ్రీలు దాటుచున్న ఇంటిలో పగడములు పెట్టరాదు. ముందు ఒక వేసవి యంతయు వట్టి ఉప్పునీటి తొట్టి నడిపి, వేడిమి వ్రాసి చూచిన తరువాతనే నిర్ణయించుకొనవలెను.

ఆవిరియగునది నీరే గాని ఉప్పు కాదు. 150 లీటర్ల తొట్టి నుండి దినమునకు 4 లీటర్ల చొప్పున మూడు దినములలో 12 లీటర్లు ఆవిరియైనచో, 35గా ఉన్న ఉప్పదనము 38 అగును. కావున తగ్గిన నీటిని ప్రతిదినము, వీలైనచో కొంచెము కొంచెముగా, ఉప్పు లేని శుద్ధజలముతోనే నింపవలెను. ఉప్పునీరు పోసిన ఉప్పదనము మరింత హెచ్చును. పెండ్లికో, తీర్థమునకో ఊరికి పోవునపుడు ఈ పని చేయుటకు ఇంటిలో మరియొకరిని తయారుచేయవలెను.

పగడము గూడు కట్టుకొనుచున్నకొలది నీటిలోని కాల్షియము, క్షారశక్తి తరుగుచుండును. ఇందుకు మన ఎరిగిన సున్నపు తేటయే ఒక సాధనము. శుద్ధజలములో లీటరుకు ఒకటి రెండు గ్రాముల శుద్ధమైన కాల్షియము హైడ్రాక్సైడు కలిపి, మూతపెట్టి, పైకి తేరిన తేటను మాత్రమే తీయవలెను. ఆవిరియైన నీటికి బదులుగా రాత్రివేళ చుక్కలుగా విడువవలెను. జర్మను భాషా దేశములలో పీటర్ విల్కెన్స్ ఈ పద్ధతిని ప్రచారము చేసెను. ఈ తేట ఘాటైన క్షారము. ఒక్కసారి పోసినచో పి.హెచ్. ఎగిరి ప్రాణులు చచ్చును. గోడకు వేయు సున్నము, తాంబూలపు సున్నము ఇందుకు వాడరాదు. వాటిలో ఏమి కలిసియున్నదో మనకు తెలియదు.

వెలుతురు దినమునకు 8 నుండి 10 గంటలు చాలును. నీలివెలుగు గల ఎల్.ఇ.డి. దీపములను ఇందుకై తయారు చేయుచున్నారు. కొత్తగా తెచ్చిన పగడమును ఒక్కసారిగా తీక్షణమైన దీపము క్రింద ఉంచరాదు. అడుగున నీడలో మొదలిడి, రెండు మూడు వారములలో మెల్లగా పైకి తేవలెను. నీరు ఒకే దిక్కునుండి ధారగా కొట్టరాదు, అలలవలె అటునిటు కదలవలెను. కదలని నీటిలో పగడముపై మురికి నిలిచి కుళ్లును. మలినమును నురుగు రూపమున తీసివేయు స్కిమ్మరు యంత్రము మంచి తోడు. విద్యుచ్ఛక్తి పోయినపుడు దీపము లేకున్నను ఒక దినము గడచును గాని, కదలిక లేనిచో కొన్ని గంటలలోనే నీటిలో ప్రాణవాయువు తగ్గును. కావున బ్యాటరీతో నడచు గాలిపంపు ఒకటి సిద్ధముగా ఉండవలెను. ఇన్వర్టరు గలవారు దీపమునకు గాక పంపునకు దానిని కలుపుకొనవలెను.

మన పేట ఇండ్లకు ప్రత్యేకమైన కొన్ని అపాయములు కలవు. ఇవి పరదేశపు పుస్తకములలో కానరావు. మగ్గమున్న ఇంటిలో నూలుదూది యెగిరి నీటిపై పొరగా పరచుకొనును, మగ్గపు నూనె తుంపరయు దానితో చేరును. పొర యేర్పడినచో గాలి నీటిలోనికి దిగదు. కావున తొట్టిని మగ్గముల గదిలో పెట్టరాదు. రంగుల ఇండ్లలోని మైలుతుత్తము, బ్లీచింగు పొడి దగ్గరికి రానీయరాదు. చేపల రోగములకు అమ్ము మందులలో కొన్నింటియందు రాగి యుండును. అది చేపకు మందే గాని పగడమునకు మృత్యువు. అందుచేత రాగి బిందెను, ఇత్తడి చెంబును తొట్టి పనికి వాడరాదు. బీడీలు చుట్టు మన తల్లులు, అక్కలు పొగాకు చేతులతో తొట్టిని ముట్టరాదు. పొగాకులోని నికోటిను జలచరములకు విషము. అగరువత్తుల పొగ, దోమలచుట్ట పొగ కూడ తొట్టి వద్దనుండి దూరముగా ఉండవలెను.

పగడము మనకు హాని చేయు సందర్భము కూడ కలదు. పాలిథోవా అను గుండీల వంటి జాతిలో కొన్నింటియందు పాలీటాక్సిను అను ఘోరవిషముండును. అట్టివి అంటియున్న రాతిని వేడినీటిలో ఉడికించినచో ఆవిరితో విషము పీల్చినవారు ఆసుపత్రి పాలైన సంగతులు ఇతర దేశములలో జరిగినవి. రాళ్లను ఎన్నడును ఉడికింపకుడు. చేతితొడుగులు, కండ్లద్దములు లేక వాటిని కోయకుడు. చేతిపై గాయమున్నచో తొట్టిలో చేయి పెట్టకుడు. పసిపిల్లలను దగ్గరికి రానీయకుడు.

ఇక కొనుగోలు, చట్టము. మేము వ్యాపారులము గనుక ఈ మాట మరింత నొక్కి చెప్పుచున్నాము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో 2001లో పగడములను చేర్చిరి. దిబ్బలు కట్టు గట్టి పగడములన్నియు, నల్లపగడములు, పిల్లనగ్రోవి గొట్టముల వంటి పగడము, అంటిన మంటపుట్టించు అగ్నిపగడములు, సముద్రపు విసనకఱ్ఱలు అందు చేరినవి. పులికి ఏ రక్షణ గలదో వీటికిని ఆ రక్షణయే కలదు. మొదటి పట్టికలోని ప్రాణిని గూర్చిన నేరమునకు 3 సంవత్సరములకు తక్కువ కాకుండ, 7 సంవత్సరముల వరకు కారాగారము విధింపవచ్చును. బ్రతికినదే కాదు, చచ్చిన పగడపు రాయిని అమ్ముటయు నేరమే. 2022 నాటి సవరణ ననుసరించి, సైటీస్ అను అంతర్జాతీయ ఒడంబడిక పట్టికలోని విదేశపు సజీవప్రాణులను కలిగియున్నవారు ప్రభుత్వమునకు తెలిపి నమోదు చేయించుకొనవలెను.

మాకు ఎరుకైన ఒక పెద్ద నగరములో, ఒక దుకాణదారుడు రశీదు లేకుండ సంచిలో పగడము కట్టి యిచ్చుచు, ‘అన్నా, అందరు పెంచుచున్నదే గదా’ అని చెప్పెను. ఎక్కడినుండి వచ్చినదని అడుగగా నవ్వి ఊరకుండెను. మన యువకులు గ్రహింపవలసినది ఏమనగా, నూలు బేలుకు బిల్లు లేకున్న పన్నుతో పోవును, పగడమునకు బిల్లు లేకున్న జైలుకు పోవలసివచ్చును. గట్టి పగడమును కొనదలచినవారు ముందుగా అటవీ శాఖ అధికారిని వ్రాతపూర్వకముగా అడిగి, జవాబు కాగితము చేతికి వచ్చిన పిదపనే ముందుకు పోవలెను. మెత్తని పగడములలో కొన్ని ఆ పట్టికలో పేర్కొనబడలేదు. అంతమాత్రమున మన దిబ్బల నుండి పెరికి తెచ్చిన దానిని కొనుట తగదు. తొట్టిలోనే ముక్కగా కోసి పెంచిన పగడములు కలవు. ఒక కొమ్మ నుండి మరియొక మొక్క వచ్చినట్లు, చిన్న ముక్క కొంత కాలమునకు పెద్దదగును. అట్టివానిని, పుట్టుక తెలుపు కాగితముతో, రశీదుతో కొనవలెను.

ఇండోనేషియాలోని జకార్తాలో లీ చిన్ ఎంగ్ అను ఆయన సముద్రపు నీరు, దిబ్బల నుండి తెచ్చిన రాళ్లు, ఎండ, గాలిబుడగలు, ఇంతమాత్రముతోనే ఇంటిలో పగడములను బ్రతికించి, 1961లో ఆ పద్ధతిని ఒక అమెరికా పత్రికలో తెలిపెను. సముద్రపు ఒడ్డున అది సాగినది. మన దేశములో దిబ్బల నుండి రాయి తెచ్చుట నేటి చట్టము ఒప్పదు. మనకు సముద్రమును లేదు. మట్టితో కాల్చిన రాళ్లు దొరకును, సూక్ష్మజీవులు వాటిలోను కాపురముండును. కాలము మాత్రము కొంత అధికముగా పట్టును.

మన పెద్దలు వచ్చిన తెలంగాణమునకు సముద్రము లేదు. తెలుగు కోస్తాకు సముద్రమున్నను అక్కడ పెద్ద పగడపు దిబ్బలు లేవు. గోదావరి, కృష్ణ తెచ్చు మంచినీరు, ఒండ్రు పగడమునకు పడవు. దేశములో పెద్ద దిబ్బలు కచ్ సింధుశాఖ, మన్నారు సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాను నికోబారు ద్వీపముల వద్ద కలవు. మన మహారాష్ట్రములోనే మాల్వణు వద్ద పగడములున్నవి. ఆ ప్రాంతమును 1987లో సముద్ర అభయారణ్యముగా ప్రకటించిరి. విజయదుర్గమునకు పడమరగా నడిసముద్రములో కన్హోజీ ఆంగ్రే పేరు గల ఆంగ్రియా దిబ్బ మునిగియున్నది. శ్రావణ పౌర్ణమి నాడు మనము మార్కండేయ మహర్షి రథోత్సవము జరుపుదుము. నారళీ పౌర్ణమి యను పేర అదే నాడు కొంకణపు జాలరులు సముద్రునికి కొబ్బరికాయ సమర్పింతురు. ఆ సముద్రము వారిది మాత్రమే కాదు. దూరముగా ఉన్న మనము రశీదు లేని ఒక పగడమును కొన్నను, ఆ దిబ్బకు ఒక దెబ్బ తగిలినట్లే.

చివరగా మా సూచన. పది ఇండ్లలో పది తొట్టెలు పెట్టి పదింటిని చంపుకొనుట కంటె, మన పఠన మందిరమున ఒక్క తొట్టి పెట్టి దానిని బ్రతికించుట మేలు. ఖర్చు పదిమందికి పంచబడును. ఒకరు ఊరికి పోయినను మరియొకరు చూతురు. ఉదయము వేడిమి చూచువారొకరు, సాయంకాలము నీరు నింపువారొకరు, ఆదివారము పరీక్షలు చేసి పుస్తకములో వ్రాయువారొకరు, ఇట్లు వంతులు వేసికొనవలెను. మొదటి మూడు నెలలు పగడము వేయరాదు. వట్టి నీరు, రాళ్లు, పుస్తకము, ఇంతే. మూడు నెలల పాటు పుస్తకములో ఒక్క దినము కూడ ఖాళీ లేకుండ, అంకెలు నిలకడగా నడచినచో, ఆ తరువాత వచ్చు వేసవిని కూడ దాటినచో, అపుడు ఒక చిన్న మెత్తని పగడమును, రశీదుతో, తెత్తము. అది ఒక సంవత్సరము బ్రతికినచో, ఇంటిలో పెంచగోరువారికి దాని ముక్కనే ఇత్తము. అంతవరకు బజారులో ఎవరును కొనకుండవలెనని మా ప్రార్థన.

ఇందుకు మా వంతుగా తొట్టిని, దాని బల్లను మేము సమకూర్చెదము. లవణము, పంపు, పరీక్ష సామాను చందాల వలన రావలెను. వంతులకు పేర్లు ఇచ్చువారు వచ్చు ఆదివారము పఠన మందిరపు పుస్తకములో వ్రాయుడు. పేరు వ్రాసిన ప్రతివాడును ఒక సంవత్సరము పాటు మాట నిలుపుకొనవలెను. ఆ నిలకడ మనలో లేనిచో తొట్టిలోని నీటికి రాదు.